అభిమాని ఇంటికి తిరిగి రావాలి



మన హాస్టల్లో ట్రంకు పెట్టె మూత లోపలి వైపు ఎవరో ఒకరి బొమ్మ అంటించుకోని విద్యార్థి ఉండడు. గోడల మీద అంటిస్తే వార్డెన్ సారు ఊరుకోరు కాబట్టి పెట్టె మూతే మన గోడ. ఒకరికి సినిమా హీరో, ఒకరికి క్రికెటరు, ఒకరికి గాయకుడు. పెద్దలు చూసి "ఆ బొమ్మలు నీకు అన్నం పెడతాయా?" అంటారు. అభిమానం మంచిదా, చెడ్డదా అనే చర్చ ఎన్నో ఏళ్ళుగా జరుగుతూనే ఉంది. నేను ఆ చర్చలోకి వెళ్ళడం లేదు. అభిమానంతో వెళ్ళినవాడు క్షేమంగా తిరిగి రావాలంటే ఎవరు ఏం చేయాలి? నా వ్యాసం అంతా ఈ ఒక్క ప్రశ్న గురించే.

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి మిమ్మల్ని కాస్త దూరం తీసుకువెళతాను. అది అమెరికా, ఇంగ్లండు దేశాల్లో రాక్ సంగీత కచేరీల లోకం. అంత దూరం ఎందుకంటారా? పాట కోసం వేలమందిని ఒక్కచోట చేర్చడంలోని ఆనందాన్నీ, అందులోని ప్రమాదాన్నీ ఆ దేశాలు మనకంటే ముందే చూశాయి. పీజీలో ఇంగ్లీషు సాహిత్యం చదువుతూ ఆ పాటల వెంట పడిన నాకు పాటలకంటే ఆ అభిమానుల జ్ఞాపకాలే ఎక్కువ ఆసక్తిగా అనిపించాయి.

జ్ఞాపకాలలో పాట తక్కువ, మనుషులు ఎక్కువ

1965 ఆగస్టు 15న న్యూయార్క్‌లోని షే స్టేడియంలో బీటిల్స్ అనే నలుగురు కుర్రాళ్ళ బృందం పాడింది. అది బేస్‌బాల్ ఆట స్థలం. 55 వేల మందికి పైగా వచ్చారు. అభిమానుల కేకలకు ఆనాటి స్పీకర్లు చాలలేదు. పాడేవాళ్ళకు తమ పాట తమకే వినబడలేదట! అయినా ఆ రోజు అక్కడున్నవాళ్ళు ఇప్పుడు డెబ్బై ఏళ్ళు దాటినా ఆ సంగతి మనవలకు చెప్పుకుంటున్నారు.

1970ల నాటికి ఈ కచేరీలు బాస్కెట్‌బాల్, ఐస్ హాకీ ఆడే పెద్ద పెద్ద హాళ్ళలోకి వచ్చాయి. వాటిని అరీనాలు అంటారు. ఒక్కొక్క దానిలో 15 వేల నుంచి 20 వేల మంది వరకు పడతారు. లెడ్ జెప్పెలిన్, ది హూ, క్వీన్, పింక్ ఫ్లాయిడ్, కిస్ వంటి బృందాలు కొండల్లా స్పీకర్లు పేర్చి, రంగుల దీపాలు, పొగలు పెట్టి పాడేవి. దీనికే అరీనా రాక్ అనే పేరు వచ్చింది.

ఆ కాలం అభిమానులు రాసుకున్న జ్ఞాపకాలు చదివితే ఒక విషయం తమాషాగా ఉంటుంది. పాట ఎలా పాడారన్నది వాళ్ళు చెప్పేది తక్కువ. టికెట్టు కోసం రాత్రంతా దుకాణం ముందు వరుసలో పడుకున్నది, పెట్రోలు బంకులోనో హోటల్లోనో పనిచేసి కూడబెట్టిన డబ్బు, ఒకే కారులో ఇరుక్కుని వెళ్ళిన మిత్రులు, మరునాడు చెవులు గుయ్‌మంటుంటే ఆ బృందం బొమ్మ ఉన్న టీ షర్టు వేసుకుని బడికి వెళ్ళడం... ఇవే ఎక్కువ. చింపి ఇచ్చిన టికెట్టు ముక్కను నలభై ఏళ్ళు పర్సులో దాచుకున్నవాళ్ళున్నారు. నెమ్మదిగా సాగే పాట వచ్చినప్పుడు హాల్లో దీపాలు ఆర్పితే వేలమంది సిగరెట్ లైటర్లు వెలిగించి పైకెత్తేవారట. ఇప్పుడు మనం సెల్‌ఫోన్ లైట్లు ఎత్తుతున్నాం. తేడా అంతే.

చదువుతుంటే నాకు మన కుర్రాళ్ళే గుర్తుకొచ్చారు. కౌంటరు దగ్గర చొక్కా బొత్తాలు తెగేదాకా నిలబడి టికెట్టు సంపాదించడం, ఈలలు, కాగితాల ముక్కలు ఎగరేయడం, ఆ రాత్రి హాస్టల్ డాబా మీద పడుకుని సీను సీనూ చెప్పుకోవడం. దేశం ఏదైనా ఆ వయసు ఒకటే. రోజూ పదిమందిలో ఒకడిగా కూడా లెక్కకు రాని కుర్రాడు ఆ ఒక్క రాత్రి వేలమందితో గొంతు కలుపుతాడు. "నేనూ ఉన్నాను" అనుకుంటాడు. మనలాంటి ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు ఆ భావన ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు.

ఒక హాస్టల్ విద్యార్థి కథ

ఇక్కడ మన హాస్టల్ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు తెలుసుకోవలసిన పేరు ఒకటుంది. క్వీన్ బృందం గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ. అసలు పేరు ఫరూఖ్ బుల్సారా. 1946లో జాంజిబార్‌లో ఒక పార్సీ కుటుంబంలో పుట్టాడు. ఎనిమిదేళ్ళ వయసులో తల్లిదండ్రులు అతణ్ణి సముద్రం దాటించి మన దేశానికి పంపారు. మహారాష్ట్రలోని పంచగనిలో ఒక బోర్డింగ్ స్కూల్లో చేర్చారు. మనదీ వాళ్ళదీ ఒకే రకం హాస్టల్ కాదు, వాళ్ళది ఫీజులు కట్టే బడి. కానీ ఎనిమిదేళ్ళ పిల్లవాడికి అమ్మానాన్నలు దూరమైతే ఉండే దిగులు ఎక్కడైనా ఒకటే కదా! అక్కడే పియానో నేర్చుకున్నాడు, అక్కడే తోటి విద్యార్థులతో కలిసి తొలి బృందం కట్టాడు.

ఆయన బృందంలో గిటారు వాయించే బ్రయాన్ మే 1977లో ఒక పాట తయారుచేశాడు. ఒక కచేరీలో జనం తమంతట తామే పాడటం చూసి, వాళ్ళు కూడా వాయించగలిగే పాట కావాలనుకున్నాడు. కిక్కిరిసి నిలబడ్డ మనిషి ఏం చేయగలడు? కాళ్ళు నేలకేసి కొట్టగలడు, చప్పట్లు కొట్టగలడు. రెండుసార్లు కాళ్ళు, ఒకసారి చప్పట్లు. అదే ఆ పాటకు తాళం. దప్పు దెబ్బకు అడుగు కలపడం తెలిసిన మనకు ఇందులోని రహస్యం ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. 1985 జూలై 13న ఇథియోపియా కరువు బాధితుల కోసం లండన్ వెంబ్లీ స్టేడియంలో జరిగిన లైవ్ ఎయిడ్ కచేరీలో క్వీన్ పాడింది ఇరవై నిమిషాలే. 72 వేల మంది ఒకేసారి చేతులెత్తి చప్పట్లు కొట్టిన ఆ దృశ్యం ఇప్పటికీ చూస్తుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. జనసమూహం అంటే భయపడవలసినది కాదని ఆ దృశ్యం చెబుతుంది. నిలబడటానికి చోటు, పీల్చడానికి గాలి, పోవడానికి దారి ఉంటే జనం అంత అందమైనది మరొకటి లేదు.

సిన్సినాటిలో ఆ సాయంత్రం

ఆ దారి లేకపోతే ఏమవుతుందో 1979 డిసెంబరు 3న అమెరికాలోని సిన్సినాటి నగరం చూసింది. రివర్‌ఫ్రంట్ కొలీజియం అనే అరీనాలో ది హూ బృందం కచేరీ. సుమారు 18 వేల టికెట్లు అమ్ముడయ్యాయి. వాటిలో ఎక్కువ టికెట్లకు సీటు నంబరు లేదు. ముందు వెళ్ళినవాడికి ముందు చోటు. మన నేల టికెట్టు పద్ధతే అనుకోండి. మధ్యాహ్నం నుంచే కుర్రకారు తలుపుల ముందు చేరారు. చీకటి పడేసరికి వేలమంది అయ్యారు. బయట చలి. ఇంతలో లోపలి నుంచి సంగీతం వినిపించింది. కచేరీ మొదలైపోయిందనుకుని వెనుకవాళ్ళు ముందుకు జరిగారు. తలుపులు చాలానే ఉన్నాయి కానీ తెరిచినవి కొన్నే. ఆ ఒత్తిడిలో 11 మంది ఊపిరాడక ప్రాణాలు విడిచారు. అందరూ 15 నుంచి 27 ఏళ్ళ మధ్యవాళ్ళు. అంటే, మన హాస్టల్లో పదో తరగతి తమ్ముడి నుంచి మన పూర్వ విద్యార్థుల వరకు ఉన్న వయసే!

అంతకంటే బాధాకరమైన సంగతి ఇంకొకటి ఉంది. లోపల కచేరీ జరుగుతూనే ఉంది. మధ్యలో ఆపితే గందరగోళం ఇంకా పెరుగుతుందని పాడేవాళ్ళకు కూడా చెప్పలేదు. పాట అయిపోయాకే వాళ్ళకు తెలిసింది. కాబట్టి ఆ రాత్రి లోపలున్న అభిమానుల జ్ఞాపకం ఇప్పటికీ రెండు ముక్కలు. మంచి పాట విన్నామన్న సంతోషం ఒకటి, అదే సమయంలో తలుపు అవతల తమ ఈడువాళ్ళు పోయారన్న శోకం ఒకటి.

మొదట్లో కొన్ని పత్రికలు అభిమానులనే తిట్టాయి. రాక్ పాటలు వినేవాళ్ళు అంతేనని రాశాయి. కానీ నిజం నెమ్మదిగా బయటపడింది. ఆ నెల తిరగకుండానే నగర పాలకులు సీటు నంబరు లేని టికెట్లను నిషేధించారు. ఆ నిషేధం 2004 దాకా ఉంది. జనాన్ని లోపలికి పంపడం కూడా ఒక విద్య అని అప్పుడు గుర్తించారు.

మన మెస్ తలుపు చెప్పే పాఠం

ఇలాంటివి జరిగినప్పుడు మన పత్రికలు, టీవీలు ఒకే మాట వాడతాయి. తొక్కిసలాట. ఈ మాట నాకు నచ్చదు. ఆ మాట వినగానే ఏమనిపిస్తుంది? ఒకరినొకరు తొక్కుకుంటూ పరుగెత్తిన పిచ్చి జనం కళ్ళముందు కనబడతారు. తప్పంతా చనిపోయినవాళ్ళదీ, వాళ్ళ పక్కనున్నవాళ్ళదీ అయిపోతుంది. నిజానికి చాలా ఘటనల్లో పరుగెత్తడానికి చోటే ఉండదు. మనుషులు నిలబడినచోటే నలిగిపోతారు. ఛాతీ మీద నాలుగు వైపుల నుంచీ ఒత్తిడి పడితే ఊపిరితిత్తులు విచ్చుకోవు. నిలబడే ప్రాణం పోతుంది. చదరపు మీటరుకు ఐదుగురు దాటితే ప్రమాదం మొదలవుతుందని ఈ విషయం చదివిన నిపుణులు చెబుతారు. ఇంకా పెరిగితే జనం నీళ్ళలా అలలుగా కదులుతారు. అప్పుడు ఎవరి అడుగు వాళ్ళ వశంలో ఉండదు. ముందు ఏం జరుగుతున్నదో వెనుకవాడికి తెలియదు. అతడు ఒక్క అడుగే ముందుకు వేస్తాడు. అలాంటి వెయ్యి అడుగుల బరువు ముందున్నవాడి మీద పడుతుంది.

ఇదంతా మనకు కొత్త కాదు. మన మెస్ దగ్గర చూడలేదా? అన్నం గంట కొట్టాక రెండు తలుపుల్లో ఒకటే తెరిస్తే ఏమయ్యేది? పళ్ళాలు గల్లుమని మోగేవి, ఐదో తరగతి పిల్లలు మోచేతుల కింద నలిగేవారు. వాచ్‌మన్ కర్ర తీసుకుని "క్రమశిక్షణ లేని వెధవల్లారా" అని అరిచేవాడు. అదే, రెండు తలుపులూ తెరిచి, చిన్న తరగతులను ముందు పంపి, పెద్దవాళ్ళను రెండు వరుసల్లో నిలబెట్టిన రోజు గొడవే లేదు. పిల్లలు వాళ్ళే, ఆకలీ అదే. మారినదల్లా తలుపు.

డిగ్రీ చదివే రోజుల్లో ఒక సినిమా వేడుకకు మా ఊరి మిత్రులతో వెళ్ళాను. గేటు దగ్గర ఒక దశలో నా కాళ్ళు నేలకు ఆనలేదు. చేతులు పైకి తీయలేకపోయాను. పక్కనున్నవాడి గుండె చప్పుడు నా వీపుకు తగులుతోంది. ఇంతలో ఒక కానిస్టేబుల్ పక్క గేటు గొలుసు తీశాడు. నిమిషంలో అందరికీ ఊపిరి వచ్చింది. అంతవరకు ఒకరినొకరు తిట్టుకుంటున్నవాళ్ళు "అన్నా, చెప్పు పోయిందా? దెబ్బ తగిలిందా?" అని అడగడం మొదలుపెట్టారు. మా అందరినీ మళ్ళీ మామూలు మనుషులను చేసింది ఒక గొలుసు తీయడమే.

మన చుట్టూ జరిగినవి

2023 నవంబరు 25న కొచ్చి విశ్వవిద్యాలయంలో విద్యార్థుల ఉత్సవంలో సంగీత కచేరీ. వాన మొదలవడంతో బయటివాళ్ళు ఒక్కసారిగా ఆరుబయలు రంగస్థలం మెట్ల వైపు వచ్చారు. నలుగురు చనిపోయారు. వారిలో ముగ్గురు విద్యార్థులే. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని సంధ్య థియేటర్ దగ్గర ఒక కొత్త సినిమా ముందస్తు ఆటకు కుటుంబంతో వచ్చిన ఒక తల్లి చనిపోయింది. ఆమె కొడుకు ప్రాణాపాయంలో పడ్డాడు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట క్రికెట్ జట్టు విజయోత్సవానికి వచ్చినవారిలో 11 మంది పోయారు. దాదాపు 35 వేల మంది పట్టే స్టేడియానికి లక్షల్లో వచ్చారు. అదే ఏడు సెప్టెంబరు 27న తమిళనాడు కరూర్‌లో సినిమా నటుడు విజయ్ రాజకీయ సభ దగ్గర గంటల తరబడి నిరీక్షించిన జనంలో 41 మంది ప్రాణాలు కోల్పోయారు.

ఏ ఘటనలో ఎవరి బాధ్యత ఎంతో తేల్చవలసినది న్యాయస్థానాలు. నేను చెప్పేది ఒక్కటే. సిన్సినాటి జరిగి 45 ఏళ్ళు దాటింది. అప్పుడు నేర్చుకున్న పాఠం పుస్తకాల్లో ఉంది. ఎంతమంది వస్తారో ముందే లెక్క వేయాలి. చోటు ఎంతో అంతమందికే అనుమతి ఇవ్వాలి. లోపలికి, బయటికి వేరువేరు దారులు ఉండాలి. ఆలస్యమైతే ఆ మాట మైకులో చెప్పాలి. ప్రమాదం కనబడగానే కార్యక్రమం ఆపే అధికారం ఒకరికి ఉండాలి. ఇవి తెలియక కాదు, చేయకే ప్రాణాలు పోతున్నాయి. కట్అవుట్‌కు పెట్టే ఖర్చులో కొంత గేటుకు పెడితే చాలు.

మరి అభిమానుల తప్పు లేదా?

ఉంది. దాచుకోవలసిన పని లేదు. 2011లో మెటాలికా అనే అమెరికా బృందం ఢిల్లీ దగ్గర గుర్గావ్‌లో పాడవలసి ఉంది. రక్షణ ఏర్పాట్లు సరిగా లేవని కచేరీ రద్దు చేస్తే కొందరు అభిమానులు వేదిక ఎక్కి సామాన్లు పగలగొట్టారు. ప్రాణాలకు భద్రత లేని ఆట ఆగిపోయిందంటే మనం సంతోషించాలి గానీ కుర్చీలు విరగ్గొట్టకూడదు. టికెట్టు లేకుండా గోడ దూకడం, బారికేడ్ల మీద ఎక్కడం, కటౌట్ల పైకి పాకడం వీరత్వం కాదు.

డాక్టర్ అంబేద్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ రాజకీయాల్లో వ్యక్తి పూజ పతనానికి దారి తీస్తుందని హెచ్చరించారు. ఆయన పుణ్యమా అని చదువుకుంటున్న మనం ఆ మాటను సినిమాకూ, ఆటకూ కూడా అన్వయించుకోవాలి. పాటను ప్రేమిద్దాం, ఆటను ప్రేమిద్దాం. కానీ ఒక మనిషిని చూడటానికి ప్రాణం పెట్టనక్కరలేదు. మన ఇళ్ళల్లో చాలామందికి ఇంటికి మనమే మొదటి చదువరి. అమ్మ కూలి డబ్బుల్లో, నాన్న అప్పుల్లో మన పుస్తకాల ఖర్చు ఉంది. మనం తిరిగి రాకపోతే పోయేది ఒక్క మనిషి కాదు, ఒక ఇంటి వంద సంవత్సరాల ఆశ.

అయితే "అసలు ఎక్కడికీ వెళ్ళకండి" అనే సలహాను నేను ఒప్పుకోను. డబ్బున్నవాడు నంబరు సీట్లో కూర్చుని క్షేమంగా చూసి వస్తాడు. లేనివాడు మాత్రం ఇంట్లో కూర్చోవాలా? సంతోషం కూడా అందరి హక్కే. వెళ్ళండి. కానీ కొన్ని గుర్తుపెట్టుకోండి. లోపలికి వెళ్ళగానే బయటికి దారులు ఎక్కడున్నాయో చూసుకోండి. గోడకు, బారికేడ్‌కు ఆనుకుని నిలబడకండి. ఒత్తిడి పెరిగితే రెండు చేతులూ మడిచి ఛాతీ ముందు పెట్టుకోండి, ఊపిరికి చోటు ఉంటుంది. జనాన్ని ఎదురు తోయకండి. ఒత్తిడి తగ్గిన క్షణంలో ఏటవాలుగా పక్కకు జరుగుతూ రండి. ఫోనో చెప్పో పడిపోతే వంగకండి. ఎవరైనా పడితే వెంటనే లేపండి. చిన్న తమ్ముళ్ళను గుంపు ముందుకు తీసుకుపోకండి.

చివరిగా

సిన్సినాటిలో చనిపోయిన ఆ 11 మందిలో ముగ్గురు ఒకే హైస్కూలుకు చెందినవారు. ఆ బడి పూర్వ విద్యార్థులు ఊరికే దుఃఖిస్తూ కూర్చోలేదు. ఆ ముగ్గురి పేరిట పిల్లలకు స్కాలర్‌షిప్పు పెట్టారు. ది హూ గాయకుడు రోజర్ డాల్ట్రీ 2018లో ఆ బడికి వచ్చి స్మారకాన్ని చూశాడు. 2022 మే 15న ఆ బృందం 1979 తరువాత మొదటిసారి ఆ నగరంలో పాడింది. అభిమానాన్ని బాధ్యతగా మార్చుకోవడమంటే అది.

మన పూర్వ విద్యార్థుల సంఘానికి నాదొక విన్నపం. వార్షికోత్సవం రాత్రి సాంస్కృతిక కార్యక్రమాలకు మన ఊరి జనం, పాత విద్యార్థులు, తల్లిదండ్రులు అందరూ వస్తారు. మన ఆవరణకు ఉన్నవి రెండు గేట్లు. వెనుక గేటుకు ఎప్పుడూ తాళమే. ఆ రాత్రి ఆ తాళం తీసి ఉంచాలి, దాని దగ్గర ఇద్దరు వాలంటీర్లు ఉండాలి. చిన్న పిల్లలకు వేదిక ముందు తాడు కట్టి వేరే చోటు ఇవ్వాలి. ఇది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. లక్షల మందికి ఏర్పాట్లు చేయవలసినవాళ్ళను ప్రశ్నించే ముందు వందల మందికి మనం చేసి చూపిద్దాం.

అభిమానం మన వయసుకు అందం. ఆ వయసు జ్ఞాపకాలు ముసలితనంలో చెప్పుకోవడానికి మనం ఉండాలి. అందరూ ఉండాలని కోరుకుంటూ, వార్షికోత్సవ శుభాకాంక్షలతో...

– ఎం.ఏ. (ఇంగ్లీషు), హాస్టల్ పూర్వ విద్యార్థి